నల్లకోడి గుడ్డు పెట్టిందా?

జూన్ 11, రాత్రి

అమ్మలూ,

ఈ ఉత్తరం నీ ట్రంకు పెట్టెలో దుప్పటి మడతలో పెడుతున్నాను. రేపు హాస్టల్లో మంచం సర్దుకునేటప్పుడు దొరుకుతుంది. ఎదురుగా కూర్చోబెట్టి చెబుదామంటే నువ్వు "సరేలే అమ్మా" అని లేచిపోతావు, నేను గొంతు పెంచుతాను. అందుకే కాగితం.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. సెలవులకి వచ్చిన మొదటి పదిహేను రోజులూ నిన్ను తిట్టని పూట లేదు. పదకొండింటికి లేస్తున్నావని, లేచినదానివి మళ్ళీ ఫోన్ పట్టుకుని పడుకుంటున్నావని, అన్నం కెలికి వదిలేస్తున్నావని. "పదో తరగతికి వచ్చిన పిల్ల ఇలాగేనా ఉండేది" అని పక్కింటి పిన్నికి కూడా వినబడేలా అన్నాను. అమ్మమ్మగారింట్లో వడియాల పళ్ళెం పట్టుకుని డాబా మెట్లెక్కుతూ సగంలో గోడ పట్టుకుని నిలబడిపోతే, "దీనికి బద్ధకం ముదిరింది" అన్నదీ నేనే. అమ్మమ్మ మాత్రం చేటలో మినప్పప్పు చెరుగుతూ, తలెత్తకుండానే, "పిల్ల మొహం పాలిపోయి ఉంటే చూసుకోవూ, ఏం నర్సువే నువ్వు?" అంది.

పదిహేడేళ్ళుగా ఏఎన్ఎంగా తిరుగుతున్నాను. ఊళ్ళో ఆడపిల్లల కింది రెప్పలు లాగి చూడటం, వేలు గుచ్చి రక్తం చూడటం నా పని. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువుందని 2019-21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిందని బడికి వెళ్ళినప్పుడల్లా నేనే చెబుతాను. ఆ 59 మందిలో మా ఇంటి పిల్ల ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు. మర్నాడు నీ వేలు గుచ్చితే హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. కనీసం 12 ఉండాలి. మిషను పాడైందేమోనని నా వేలు కూడా గుచ్చుకుని చూసుకున్నాను. మిషను బాగానే ఉంది.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు అడిగితే ఒక్కొక్కటే చెప్పావు. సంక్రాంతి తర్వాత నుంచి నెలసరి తొమ్మిది రోజులు ఉంటోందని. పొద్దున్నే బాత్రూముల దగ్గర క్యూ, రెండింటికి గడియ లేదు, అందుకని మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగడమే మానేశారని, నువ్వొక్కదానివే కాదు, గదిలో అందరూనని. ఫోన్లో చెప్పొచ్చుగా అన్నాను. "వార్డెన్ గారి టేబుల్ దగ్గర నిలబడి, వెనకాల పదిమంది ఉండగా ఏం చెప్పమంటావు?" అన్నావు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇక నర్సు మాటలు కొన్ని, విసుక్కోకుండా చదువు. డాక్టరమ్మ చెప్పిన ఐరన్ మాత్రలు మూడు నెలలు పూర్తి కావాలి. మొన్న చూస్తే 9.9కి వచ్చింది కదా, అది చూసి మానేయకు. అన్నం తిన్నాక వేసుకో, ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది. టీకి ముందూ వెనకా గంటైనా తేడా ఉండాలి, టీ ఆ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ తిన్నా బాగా పడుతుంది. ఉసిరి పచ్చడి సీసా అందుకే పెట్టాను, గదంతా పంచేసినా ఫరవాలేదు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ బిళ్ళలు మీరంతా గోడ అవతలికి విసిరేస్తారని నాకు తెలుసు. నువ్వు రోజూ మాత్ర వేసుకుంటున్నట్టు నర్సమ్మకి చెప్పు, మిగతా పిల్లలకి మాత్రం విసరొద్దని చెప్పు. ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు, అదీ మింగు. నెలసరి ఏడు రోజులు దాటినా, గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా ఆ రోజే కబురు చెయ్యి, సెలవులదాకా ఆగకు.

నిద్ర సంగతి. నీ వయసులో నిద్ర రావడమే ఆలస్యమవుతుంది, అది ఒంట్లో గడియారం చేసే పని, మొండితనం కాదు. ఎనిమిది గంటలకి తక్కువ చాలదు కూడా. మే నెలంతా ఒంటిగంటకి పడుకున్నదానివి రేపటినుంచి అయిదింటి స్టడీ అవర్‌కి లేవాలి. ఈ పది రోజులూ రోజుకో పావుగంట ముందుకు జరిపాం కానీ పూర్తిగా కుదరలేదు. మొదటి వారం క్లాసులో తూగితే నిన్ను నువ్వు తిట్టుకోకు. పొద్దున్న గ్రౌండులో కాసేపు ఎండ తగలనివ్వు. ఆ అయిదు గంటల సంగతి తల్లిదండ్రుల మీటింగులో నేను అడుగుతాను. బాత్రూము గడియల సంగతి కూడా. నీ పేరు రానివ్వనులే.

సెక్షన్ మాట రాయాలా వద్దా అని ఇందాకటినుంచి ఆలోచిస్తున్నాను. మార్కులు చూసి నిన్ను బీ సెక్షన్‌లో వేశారు, నీ జత పిల్ల ఏలో ఉంది. ఆ లిస్టు వాట్సాప్‌లో వచ్చిన రోజు నువ్వు అన్నం తినలేదు. నేనేమో "బాగా చదివితే నువ్వూ ఏలోకి వెళ్తావులే" అన్నాను. నీ దిగులు మార్కులకి కాదనీ, రేపు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియకనీ రెండు రోజుల తర్వాత అర్థమైంది. దానికి నా దగ్గర మందు లేదు. అన్నాల దగ్గర కలుస్తారు కదా అంటే నీకది చాలదని తెలుసు. కొత్త సెక్షన్‌లో మొదటి నెల వెలితిగానే ఉంటుందేమో. ఆ వెలితి రెండు వారాలు దాటి ముదిరితే, తినబుద్ధి కాక, నిద్ర పట్టక, ఎందుకీ బతుకు అనిపించేదాకా వస్తే మాత్రం, దాచుకోవద్దు. వార్డెన్ గారినో, మీ తెలుగు టీచర్నో అడిగి 14416కి ఫోన్ చెయ్యి. రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. మనసు బాగోనివాళ్ళ కోసం 2022లో ప్రభుత్వం పెట్టిన నంబరు అది. ఊళ్ళో ఇద్దరు పిల్లల చేత నేనే చేయించాను. ఎవరని అడక్కు.

మే చివర్లో ఒక సాయంత్రం గుర్తుందా, మావయ్య ముంజలు కొట్టిస్తే కాలవ గట్టున కూర్చుని పన్నెండో పదమూడో తిన్నావు. నీళ్ళు మోచేతులదాకా కారుతుంటే నవ్వుతూనే ఉన్నావు. అప్పటికి మాత్రలు మొదలుపెట్టి రెండు వారాలైంది. నేను మనసులో అనుకున్నాను, ఈ నవ్వుని కదా నేను పదిహేను రోజులు బద్ధకమని తిట్టింది అని.

ఆదివారం ఫోన్లో ఇకమీదట మార్కులు నేను అడగను. మీ నాన్న అడుగుతారు, ఆయన్ని మార్చడం నావల్ల కాదు, ఒక్క ముక్కలో చెప్పి ఫోన్ నాకివ్వమను. పదిమంది వినేచోట చెప్పలేని మాట ఏదైనా ఉంటే, "నల్లకోడి గుడ్డు పెట్టిందా?" అని అడుగు. ఎందుకని అడగను, ఏమైందని అడగను. "లేదమ్మా, ఇంకా లేదు" అంటాను. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి వచ్చేస్తాను.

మన నల్లకోడి నెలన్నర నుంచి నిజంగానే గుడ్డు పెట్టడం లేదు. కాబట్టి అబద్ధం కూడా కాదు.

పెట్టె తాళం రెండోది నీ జామెట్రీ బాక్సులో ఉంది.

అమ్మ