ఫ్రిజ్‌లో అంకెలు కాదు, డిగ్రీలు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

హోటళ్లలో తనిఖీలు, పాడైన మాంసం పారబోయించడం గురించి పేపర్లో తరచూ చదువుతున్నాం. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది కూడా. మంచిదే. మరి మా ఇంట్లో ఫ్రిజ్‌ను తనిఖీ చేసేదెవరు?

దాని లోపల ఒక నాబ్, దాని మీద 1 నుంచి 7 దాకా అంకెలు. తొమ్మిదేళ్లుగా మాది ఒకటి మీదే ఉంది. ఒకటంటే ఒక డిగ్రీ కాబోలు అనుకున్నాం. పెరుగు ఒక్కరోజుకే పులిసిపోతోందని మెకానిక్‌ను పిలిస్తే నవ్వాడు. 'అంకె పెరిగితేనే చల్లదనం పెరుగుతుందమ్మా, మీరు తిరగేసి పెట్టుకున్నారు' అన్నాడు. మా అబ్బాయి చిన్న థర్మామీటరు తెచ్చి లోపల పెడితే 11 డిగ్రీలు చూపించింది. ఉండాల్సింది 5 లోపు. 5కీ 60కీ మధ్య సూక్ష్మజీవులకు పండగే.

అన్నం సంగతి చాలామందికి తెలియదు. ఉడికించినా చావని సూక్ష్మజీవి బీజాలు బియ్యంలో ఉంటాయి. రాత్రంతా గిన్నె గట్టు మీదే వదిలేస్తే అవి మొలకెత్తి విషం వదులుతాయి. పొద్దున్న తాలింపు వేసి ఎంత వేయించినా ఆ విషం పోదు. 'మేం చద్దన్నం తిని పెరగలేదా' అంటారు మా అత్తగారు. ఆవిడ తిన్నది మజ్జిగ పోసి పులవబెట్టిన అన్నం, దాన్ని పులుపు కాస్తుంది. పులిహోర నిలవుండేదీ అందుకే. ఉత్త అన్నానికి ఆ రక్ష లేదు.

గడ్డకట్టిన చికెన్‌ను పొద్దున్నే సింకు పక్కన పడేసి పదకొండింటికి వండటం ఇంకో అలవాటు. లోపల ఇంకా రాయిలా ఉండగానే పైభాగం వెచ్చబడిపోతుంది. ముందురోజు రాత్రే గిన్నెలో వేసి, ఫ్రిజ్‌లోనే కింది అరలో పెడితే సరిపోతుంది. నీళ్లు కారినా పండ్ల మీద పడవు.

ఫ్రిజ్ తలుపు మీది స్టార్ లేబుల్ ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో చెబుతుంది. లోపలి చల్లదనం మాత్రం ఎక్కడా చెప్పదు. ప్రతి ఫ్రిజ్‌లోనూ ఒక థర్మామీటరు బిగించి అమ్మాలని కేంద్రం నిబంధన పెట్టాలి. నాబ్ ఎటు తిప్పితే ఏమవుతుందో తెలుగులో రాయాలి. కరెంటువాళ్లు కూడా మరమ్మతుల వేళలు ముందే ఫోనుకు పంపితే బాగుంటుంది. తలుపు తీయకుంటే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది, ఆపైన ఏం పారేయాలో మేం చూసుకుంటాం.

మా నాబ్ ఇప్పుడు 5 మీద ఉంది, థర్మామీటరు 4 చూపిస్తోంది. పాలగిన్నె లోపల పెట్టేముందు మా అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని దాని వంక చూస్తున్నారు.

ఒక గృహిణి, సూర్యాపేట