ఓడ ఇంటర్నెట్ కార్డులు తీసుకునే మా కస్టమర్లకు

ఓడల మీద పనిచేసే పిల్లల కోసం హన్మకొండలో మా షాపుకొచ్చి ఇంటర్నెట్ కార్డులు కొనే కుటుంబాలకు ఈ విషయం నేరుగా చెప్పాలి. పోయిన నెల ఇచ్చిన కార్డుల్లో చాలావరకు పనిచేయలేదు. డబ్బు మొత్తం వాపస్ ఇస్తున్నాం.

కార్డు గీకితే వచ్చే పిన్‌ను మీరు ఓడ ఈమెయిల్‌కు పంపుతారు, అక్కడ మీవాడు లాగిన్ పేజీలో కొడతాడు. ఆ పిన్ ఏ శాటిలైట్ సర్వీసుదో దాంట్లోనే చెల్లుతుంది. ఇప్పుడు ఓడలు పాత సర్వీసు వదిలి కొత్తదానికి మారుతున్నాయి. పాత శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అందుకే "అమ్మా" అంటే జవాబు వినపడేసరికి అర సెకను దాటేది. కొత్తవి దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, మాట వెంటనే అందుతుంది. ఈ కొత్త సర్వీసుల్లో ఒకటైన స్టార్‌లింక్ 2022 జులైలో ఓడల ప్లాను తెచ్చినప్పుడు నెలకు 5,000 డాలర్లు. తర్వాత అంతకంటే చాలా తక్కువలో ప్లాన్లు వచ్చాయి.

ఏ ఓడలు మారాయో మాకు సరుకిచ్చే ముంబై డిస్ట్రిబ్యూటర్‌కు తెలుసు. లిస్టు ఆయన దగ్గరే ఉంది. అయినా చెప్పకుండా పాత స్టాకు మాకు అంటగట్టాడు. ఫోన్ చేస్తే ముందు ఓడవాళ్లనే అడగమన్నాడు, తర్వాత అమ్మిన కార్డుకు వాపస్ లేదన్నాడు. ఆఖరికి, సముద్రమే లేని వరంగల్‌లో మీకు ఈ ధంధా ఎందుకన్నాడు. ఆ మాట నాకు ఇంకా మింగుడుపడడం లేదు. సముద్రం లేకపోతే ఏంది, దాని మీద బతుకుతున్న పిల్లలు ఇక్కడి ఇండ్లలో పుట్టినోళ్లే కదా! జనగామ నుంచి బస్సెక్కి వచ్చిన ఒక అమ్మ కొంగుముడి విప్పి కార్డు కౌంటర్ మీద పెట్టింది. గీకిన నంబరు చెరిగిపోకుండా దాని మీద టేపు అంటించి ఉంది. ఆమెకు నేను వాపస్ లేదని చెప్పాలా? ఆయనతో లెక్క తెంచేసుకున్నాను. ఆయన ఇచ్చినా ఇవ్వకపోయినా మీ పైసలు మా గల్లా నుంచి వస్తాయి.

నిద్ర పట్టనియ్యని సంగతి వేరే ఉంది. కొత్త సర్వీసు కార్డులు ఇస్తామని ఇంకో డీలర్ వచ్చాడు. మార్జిన్ బాగుంది. కానీ నావికుల అంతర్జాతీయ ఒప్పందానికి చేసిన సవరణలు 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లోకి వచ్చాయి. వీలైనంత మేరకు ఓడలో సిబ్బందికి ఇంటర్నెట్ ఇవ్వాలి, డబ్బు తీసుకున్నా అది న్యాయంగా ఉండాలి అని అందులో ఉంది. కొన్ని కంపెనీలు నెలకింత డేటా ఊరికే ఇస్తున్నాయి. మరి ఊరికే వచ్చేదాన్ని నేను అమ్మడమేంది? "అడిగినోళ్లకు అమ్ముదాం, తతిమ్మాది మనకెందుకన్నా" అని మా తమ్ముడు రోజూ వాదించాడు. గిరాకీ సగం పడిపోతుందని వాడి భయం, అది నిజమే కావచ్చు. అయినా ఓడలో ఏ సర్వీసు ఉందో, కంపెనీ ఎంత ఇస్తుందో మీవాడిని అడిగి చెప్పేదాకా మా దగ్గర కార్డు దొరకదు. ఈ విషయంలో నేను మారను.

"అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్నవి అసలే పెట్టను. ఓడలో అందరూ పంచుకునేది ఒక్క లింకే, అందులో లిమిటు లేనిదెక్కడ?

వాపస్ కోసం కార్డు తెచ్చినా సరే, ఫొటో పంపినా సరే. దూరం వాళ్లకు ఫోన్‌లోనే వేస్తాం. కార్డు పారేసినవాళ్లూ అడగండి, అమ్మిన ప్రతి కార్డు సీరియల్ నంబరు మా పుస్తకంలో ఉంది.