ఘనా జీతాల సంస్కరణ ఎక్కడ తప్పింది

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికా దేశాల అప్పుల మీద ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఘనా సంగతిని రెండు ముక్కల్లో తేల్చేసింది. ప్రభుత్వోద్యోగుల జీతాలు అడ్డూ అదుపూ లేకుండా పెంచారు, ఖజానా ఖాళీ అయ్యి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) దగ్గరికి వెళ్లారు అన్నది దాని సారాంశం. ఇది ఆ దేశంలోని నర్సులకూ టీచర్లకూ అన్యాయం చేసే మాట. అక్కడ జీతాలు సవరించక తప్పని పరిస్థితి ఉండేది. దెబ్బతిన్నది సవరించిన వరుసలో, ఎంచుకున్న సమయంలో, బేసిక్ (మూల వేతనం) పక్కన పుట్టుకొచ్చిన అలవెన్సుల్లో. పీఆర్సీ (వేతన సవరణ సంఘం), ఫిట్‌మెంట్ (కొత్త స్కేలులో కలిపే పెంపు), ఎరియర్లు (బకాయిలు) అన్న మాటలు మన పాఠకులకు కొత్త కాదు కనుక లెక్కలతో సహా రాస్తున్నాను.

2010కి ముందు ఘనాలో పోలీసులకు ఒక స్కేలు, ఆరోగ్య శాఖకు ఒకటి, విశ్వవిద్యాలయాలకు మరొకటి ఉండేవి. ఒకే డిగ్రీ, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరు అకౌంటెంట్లు వేర్వేరు శాఖల్లో పనిచేస్తే జీతాల్లో చాలా తేడా వచ్చేది. ఏ సంఘం గట్టిగా సమ్మె చేస్తే దాని స్కేలు పెరిగేది. దీన్ని సరిచేయడానికి అప్పటి అధ్యక్షుడు కుఫూర్ ప్రభుత్వం 2007లో 737వ నంబరు చట్టంతో 'ఫెయిర్ వేజెస్ అండ్ శాలరీస్ కమిషన్' ఏర్పాటు చేసింది. 2008 చివరి ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది. కొత్తగా వచ్చిన మిల్స్ ప్రభుత్వం పథకాన్ని పక్కన పడేయలేదు. 2009 నవంబరులో శ్వేతపత్రం ఇచ్చి 2010 జనవరి 1 నుంచి అమలు ప్రకటించింది. అదే 'సింగిల్ స్పైన్' వేతన విధానం, అంటే అన్ని శాఖలకూ కలిపి ఒకే జీతాల పట్టిక. పార్టీలు మారినా పథకం నిలబడటం ఏ దేశంలోనైనా అరుదు. ఆ మెచ్చుకోలు ఘనాకు ఇచ్చి తీరాలి.

పట్టిక చూడటానికి మన మాస్టర్ స్కేలు లాగానే ఉంటుంది. మొత్తం 25 లెవెళ్లు, ఒక్కో లెవెల్లో కొన్ని స్టేజీలు. ఉద్యోగాలను నాలుగు అంశాల మీద తూచారు: పరిజ్ఞానం-నైపుణ్యం, బాధ్యత, పని పరిస్థితులు, శ్రమ. వచ్చిన మార్కులను బట్టి ఉద్యోగం ఏ లెవెల్లో కూర్చోవాలో నిర్ణయించారు. ఇంక్రిమెంటు మన దగ్గర రూపాయల్లో ఉంటే, అక్కడ ప్రతి స్టేజీకీ ఒకే నిష్పత్తి, 1.7 శాతం. 2010లో అట్టడుగు బేసిక్ ఏడాదికి 1,108.08 సెడీలు (ఘనా కరెన్సీ), అంటే నెలకు 92.34. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే ఎవరి బేసిక్ అయినా కాల్కులేటర్ మీద తీయొచ్చు. నలభై స్టేజీలు ఎక్కితే 1.017ను నలభైసార్లు హెచ్చించాలి, 1.96 వస్తుంది. అంటే అడుగున ఉన్నవాడికి దాదాపు రెట్టింపు. వంద స్టేజీలు ఎక్కితే 5.4 రెట్లు.

రాజకీయమంతా ఈ రెండు అంకెల మీదే నడుస్తుంది. అడుగు బేసిక్ 10 శాతం పెంచితే పై నుంచి కింద దాకా అందరికీ 10 శాతం పెరుగుతుంది, ఖర్చు కూడా అంతే. నిష్పత్తిని 1.7 నుంచి 2 శాతానికి జరిపితే అడుగున ఉన్న స్వీపరుకు ఒక్క సెడీ పెరగదు. వంద స్టేజీలు ఎక్కిన అధికారికి మాత్రం 5.4 రెట్లు కాస్తా 7.2 రెట్లు అవుతుంది. అందుకే చిన్న ఉద్యోగుల సంఘాలు బేసిక్ కోసం పట్టుబడతాయి. పెద్ద చదువుల సంఘాలు తమకు ప్రత్యేకంగా ఏదైనా ఇమ్మంటాయి. కమిషన్ నిష్పత్తిని కదలనివ్వలేదు, మంచిదే. కదలిక అంతా బేసిక్‌లోకీ ప్రత్యేక అలవెన్సుల్లోకీ వెళ్లింది. 2011లో బేసిక్ 20 శాతం, 2012లో 18 శాతం పెరిగింది.

మొదటి దెబ్బ ఎరియర్లతో వచ్చింది. పోలీసులను 2010 జూలైలో కొత్త స్కేలులోకి మార్చారు. మిగతా శాఖలు ఒక్కొక్కటే మారుతూ 2012 దాకా సాగింది. ఎప్పుడు మారినా లాభం మాత్రం 2010 జనవరి నుంచే లెక్క. ఆలస్యమైన ప్రతి నెలా ఒక్కో శాఖ పేరిట బకాయి పేరుకుపోయింది. ఇదంతా అధ్యక్ష ఎన్నికలు జరిగే 2012లో ఖజానా మీద ఒక్కసారిగా పడింది. ఆ ఏడాది బడ్జెట్ లోటు జీడీపీలో 12 శాతం దగ్గరికి చేరింది. అందులో ఇంధన సబ్సిడీల వాటా కూడా ఉంది, నిందంతా జీతాల మీద వేయడం సరికాదు. కానీ పన్నుల ఆదాయంలో ప్రతి పది సెడీల్లో ఆరేడు జీతాలకే పోతున్నాయని ప్రభుత్వమే చెప్పుకునే స్థితి వచ్చింది. పక్కనున్న ఫ్రెంచి మాట్లాడే పశ్చిమాఫ్రికా దేశాల కూటమి తమకు తాము పెట్టుకున్న గీత 35 శాతం. చివరికి 2015 ఏప్రిల్‌లో ఐఎంఎఫ్ నుంచి 91.8 కోట్ల డాలర్ల ఒప్పందం, దానితో పాటు నియామకాల మీద కట్టడి వచ్చాయి.

అసలు చిక్కు బేసిక్ పట్టికలో లేదు. 'మార్కెట్ ప్రీమియం' అన్న పద్దులో ఉంది. డాక్టర్లు, లెక్చరర్ల లాంటి కొరత ఉన్న వృత్తుల వాళ్లు విదేశాలకు పోకుండా బేసిక్ పైన కొంత కలపాలన్నది ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. ఘనా నర్సులు బ్రిటన్ ఆసుపత్రులకు తరలిపోవడం అందరూ చూస్తున్నదే. ఎవరికి కొరత ఉందో ఏ కొలతతో తేల్చాలి, ఎంత ఇవ్వాలి, ఎన్నేళ్లకు ఆపాలి అన్న నియమాలు ముందే రాసి ఉంటే సరిపోయేది. అవి తేలకుండానే 'తాత్కాలిక' ప్రీమియం మొదలైంది. విశ్వవిద్యాలయ అధ్యాపకుల విషయంలో అది బేసిక్‌లో 114 శాతం. పే స్లిప్‌లో మూల వేతనం కన్నా దాని మీద అలవెన్సు పెద్దదయిందన్నమాట. ఆ తర్వాత ప్రభుత్వం ప్రీమియాన్ని పాత బేసిక్ మీదే లెక్కగట్టడం మొదలుపెట్టింది. ఏటా బేసిక్ పెరుగుతున్నా ప్రీమియం పాత అంకె దగ్గరే ఆగిపోయి, ధరల ముందు కరిగిపోయింది. 2022 జనవరిలో అధ్యాపకుల సంఘం ఆ 114 శాతాన్ని తిరిగి ఇమ్మంటూ సమ్మెకు దిగింది. విశ్వవిద్యాలయాల్లో పాఠాలు ఆగిపోయాయి.

అదే నెలలో సివిల్ సర్వీసు, స్థానిక ప్రభుత్వ సిబ్బంది సంఘం ఇంకో సమ్మె మొదలుపెట్టింది. వాళ్లు అడిగింది 'తటస్థత అలవెన్సు'. తాము రాజకీయాలకు దూరంగా ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి దానికి పరిహారం ఇవ్వాలని. సమ్మె ఆపించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. వెంటనే టీచర్ల సంఘాలు లేచి, మేం మాత్రం తటస్థంగా ఉండటం లేదా అని అడిగాయి. ఆ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. ధరలు మండుతున్న ఆ జూలైలో టీచర్లు 20 శాతం జీవన వ్యయ అలవెన్సు కోసం సమ్మె చేశారు. బేరం 15 శాతం దగ్గర తెగింది, అదీ ప్రభుత్వోద్యోగులందరికీ. ఒక సంఘాన్ని శాంతింపజేయడానికి ఇచ్చిన మాట, ఆరు నెలల్లో మొత్తం జీతాల పద్దును కదిపేసింది. ఉగాండాలోనూ అదే ఏడాది ఇలాంటిదే జరిగింది. డిగ్రీ ఉన్న సైన్స్ టీచర్ల జీతం నెలకు 40 లక్షల షిల్లింగులకు పెంచేసరికి, అందులో మూడో వంతు కూడా రాని ఆర్ట్స్ టీచర్లు బడులు బహిష్కరించారు. జీతం ఎంతన్నది ఎంత ముఖ్యమో, పక్క గదిలో పాఠం చెప్పేవాడికి ఎంతన్నదీ అంతే ముఖ్యం. లెక్కలు వేసే కన్సల్టెంట్లు దీన్ని తరచూ మరిచిపోతారు.

మన ఉద్యోగులకు ఆశ్చర్యంగా తోచే సంగతి ఒకటి చెప్పాలి. ఘనాలో ధరల సూచీకి ముడిపడిన డీఏ (కరువు భత్యం) లేదు. ఆలస్యమైనా, బకాయి పడినా మన దగ్గర డీఏకు ఒక సూత్రం ఉంది. అక్కడ ప్రతి ఏడూ బేసిక్ మీద బేరమాడుకోవడమే. 2022 డిసెంబరులో ద్రవ్యోల్బణం 54.1 శాతానికి చేరింది. ఆ నెలలోనే ఘనా విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసింది. 2023కి ఒప్పందం కుదిరిన పెంపు 30 శాతం. కాగితం మీద భారీ పెంపు, బజారులో కోత. జీతాల భారం తగ్గిందని ఆ తర్వాత నివేదికల్లో కనిపించిన తగ్గుదలలో పెద్ద భాగం ఇలా వచ్చిందే. దీన్ని సంస్కరణ అనడానికి మనసొప్పదు. 1993లో కామెరూన్ ఏడాదిలో రెండుసార్లు జీతాలు కోసి, మరుసటి జనవరిలో అక్కడి కరెన్సీ సీఎఫ్‌ఏ ఫ్రాంకు విలువ సగానికి పడిపోతే, గుమస్తాలు లంచాలతో బతకడం అలవాటు చేసుకున్నారు. ధరలతో చేసే కోత కూడా ఆ దారికే తీసుకెళుతుంది.

ఇక పైవాళ్ల సంగతి. ఘనా రాజ్యాంగం 71వ అధికరణం కింద అధ్యక్షుడు, మంత్రులు, ఎంపీలు, ఉన్నత న్యాయమూర్తులు సింగిల్ స్పైన్‌కు బయట ఉంటారు. వాళ్ల జీతాలను అధ్యక్షుడు నియమించే ఐదుగురికి మించని కమిటీ సిఫారసు చేస్తుంది. పదవీకాలం ముగిశాక ఎక్స్‌గ్రేషియా అనే ఏకమొత్తం చెల్లింపు ఉంటుంది. మొత్తం బిల్లులో ఇది చిన్న ముక్కే. అయినా బేరసారాల బల్ల దగ్గర దీని బరువు చాలా ఎక్కువ. త్యాగం చేయమని అడిగే చేయి తన వాటా ముందే తీసి పెట్టుకుందని నర్సుల సంఘం అన్నప్పుడు కమిషన్ అధికారి ఏం బదులిస్తాడు?

కెన్యా ఈ లోపాన్ని 2010 రాజ్యాంగంలోనే సరిచేయబోయింది. 230వ అధికరణం కింద జీతాల కమిషన్‌కు ఎంపీల జీతం మీద కూడా అధికారం ఇచ్చింది. 2013లో కమిషన్ ఎంపీల జీతాన్ని నెలకు 8,51,000 షిల్లింగుల నుంచి 5,32,500కు తగ్గించింది. ఎంపీలు ఊరుకోలేదు, పాత జీతమే కావాలని పట్టుబట్టారు. ఆ పట్టుదల మీద జనం పార్లమెంటు ముందు పందులను వదిలి నిరసన తెలిపారు. చివరికి జీతం తగ్గింది కానీ కారు కొనుక్కోవడానికి 50 లక్షల గ్రాంటు వచ్చింది. తర్వాత తమకు తామే నెలకు 2,50,000 ఇంటి అలవెన్సు రాసుకున్నారు. 2020లో కోర్టు దాన్ని కొట్టేసి, తీసుకున్నది కట్టమంది. అక్కడి కమిషన్ లెక్క ప్రకారం 1999లో 31గా ఉన్న అలవెన్సుల రకాలు 247కు పెరిగాయి. బేసిక్‌కు తాళం వేసి అలవెన్సు తలుపు తెరిచి ఉంచితే జరిగేది ఇదే. అయినా కోర్టుకు వెళ్లడానికి ఒక అధికరణమైనా ఉందన్న తేడా చిన్నది కాదు.

జీతాల జాబితాల్లోని దొంగ పేర్ల గురించి క్లుప్తంగా. ఘనాలో 2014లో నేషనల్ సర్వీస్ (డిగ్రీ అయ్యాక యువత ఏడాది పాటు చేసే ప్రభుత్వ సేవ) జాబితాలో 22,000 పైచిలుకు లేని మనుషుల పేర్లు బయటపడ్డాయి. పని చేసిన మందు సాదాసీదాది: ప్రతి నెలా జీతాలు వేసే ముందు ఆఫీసు అధిపతి తన సిబ్బంది జాబితాను కంప్యూటర్లో పేరుపేరునా ధ్రువీకరించాలి, ధ్రువీకరించని పేరుకు ఆ నెల జీతం పడదు. లొసుగు కూడా అక్కడే ఉంది. అధిపతి కుమ్మక్కైతే పద్ధతి మొత్తం కుప్పకూలుతుంది. ఊళ్లో నెట్ లేకపోతే నిజమైన టీచరు జీతం ఆగుతుంది.

ఇవన్నీ తెలిశాక కూడా 2022లో మొజాంబిక్ 21 లెవెళ్ల ఏకీకృత పట్టికను హడావిడిగా తెచ్చింది. ఎవరు ఏ లెవెల్లో పడతారో, మొత్తం ఎంత అవుతుందో సరిగా లెక్కించక ముందే చట్టం అయింది. ఖర్చు అంచనాలు దాటింది, ఆ ఏడాదే చట్టాన్ని సవరించాల్సి వచ్చింది, డాక్టర్లు సమ్మెకు వెళ్లారు. అందుకే వరుస గురించి ఇంత పట్టుబట్టి రాస్తున్నాను. ముందు మనుషులను లెక్కించాలి. తర్వాత అలవెన్సులన్నిటినీ ఒక జాబితాలో పెట్టి, ఏది బేసిక్‌లో కలుస్తుందో, ఏది ఏ తేదీన ఆగిపోతుందో రాయాలి. ఆ తర్వాత ప్రతి ఉద్యోగికీ పాత జీతం, కొత్త జీతం పక్కపక్కన వేసి మొత్తం తీయాలి. పట్టిక ప్రకటించడం ఆఖరి పని. అమలు తేదీ, మార్పిడి తేదీ ఒకటే అయితే ఎరియర్ల కొండ పెరగదు.

ఇంకో షరతు దక్షిణాఫ్రికా నేర్పింది. అక్కడ 2018లో సంఘాలతో మూడేళ్ల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మూడో ఏటి పెంపు, సుమారు 3,780 కోట్ల ర్యాండ్లు, 2020లో ప్రభుత్వం ఇవ్వలేదు. 2022 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వానికే అనుకూలంగా తీర్పు చెప్పింది. ఖర్చు భరిస్తామన్న ట్రెజరీ (ఆర్థిక శాఖ) హామీ లేకుండా చేసుకున్న ఒప్పందం నిబంధనల ప్రకారం చెల్లదన్నది కారణం. నమ్మి పనిచేసిన ఉద్యోగులకు అది ఎంత చేదుగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి జీతాల ఒప్పందం చర్చకు వచ్చిన ప్రతిసారీ సంఘాల నాయకులు మంత్రి సంతకంతో తృప్తిపడకుండా, ఆర్థిక శాఖ సంతకం ఏ పేజీలో ఉందో ముందు చూసుకోవాలి. ఘనా మీద మళ్లీ వ్యాసం వేసేటప్పుడు మీ పత్రిక కూడా ఎంత పెంచారన్న అంకెతో పాటు, ఎవరితో, ఏ ఎన్నికల ముందు, ఏ పద్దు కింద ఒప్పుకున్నారో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ