వేసవిలో పార్కులు రాత్రి తొమ్మిది దాకా తెరవాలి

ఎండాకాలం సెలవుల్లో చిన్నపిల్లల్ని ఆడించడానికి తీసుకెళ్లే మున్సిపల్ పార్కులు, సరిగ్గా వాళ్లు ఆడుకోగలిగే వేళకే మూతపడుతున్నాయి. ఏప్రిల్ చివర్లో మూసిన బడులు మళ్లీ జూన్ రెండో వారంలోగానీ తెరవరు, ఆ రోజుల్లో పొద్దుగూకితే తప్ప నేల చల్లబడదు, మా ఊరి పార్కులో మాత్రం ఏడున్నరకే వాచ్‌మన్ ఈల వేసి అందర్నీ బయటికి పంపేస్తాడు. పోనీ ఐదింటికే వెళ్దామంటే జారుడుబల్ల ఇనుప రేకుది, నిక్కరు వేసుకున్న పిల్లాడు కూర్చోగానే తొడలు చుర్రుమని కెవ్వుమంటాడు, ఉయ్యాలల్లో ఒకదానికి గొలుసు లేదు, రెండోదాన్ని కాలేజీ కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ వదలరు. మరుగుదొడ్డి ఉంది, దానికి తాళమూ ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కే తెలీదు. మూడేళ్ల పిల్ల అర్జెంట్ అంటే తల్లి ఎక్కడికి పోవాలి? మాల్‌లో గేమ్ జోన్‌కి వెళ్లొచ్చుగా అనేవాళ్లుంటారు, ఇద్దరు పిల్లలతో అక్కడ గంట గడిపితే ఎంతవుతుందో ఓసారి వెళ్లి చూస్తే సరి. ఏప్రిల్, మే నెలల్లోనైనా పార్కుల్ని మధ్యాహ్నం మూసేసి, రాత్రి తొమ్మిది దాకా లైట్లు వేసి ఉంచాలి. జారుడుబల్లని పడమటెండ తగలని చోటికి, చెట్ల కిందకి మార్చాలి. సెల్ఫీ పాయింట్లు తర్వాత కట్టుకోవచ్చు, ముందు ఆ మరుగుదొడ్డి తాళం తీయించి రోజూ కడిగే మనిషిని పెట్టండి.