నడక అమ్మి జీపు ఎక్కించారు: అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్‌పై ఫిర్యాదు

విశాఖపట్నం

మేనేజర్ గారికి,

విషయం: అక్టోబరులో నేపాల్‌లో మీరు నడిపిన 16 రోజుల అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్‌లో నడక ఎగ్గొట్టడం, దానివల్ల మావారు జబ్బుపడటం, డబ్బు వాపసు గురించి.

నమస్కారం. నేనూ మావారూ మనిషికి 78,000 రూపాయల చొప్పున మొత్తం 1,56,000 మీకు కట్టాం. మీరు పంపిన ప్రోగ్రాం కాగితంలో మొదటి రోజు కాఠ్మాండు నుంచి బేసీసహర్‌కి బస్సు, రెండో రోజు నుంచి నడక. ఐదో రోజుకి చామే, ఏడో రోజుకి మనాంగ్, ఎనిమిదో రోజు అక్కడే విశ్రాంతి అని ఉంది.

జరిగింది వేరు. రెండో రోజు పొద్దున్నే మా ఎనిమిది మందినీ మీ గైడ్ జీపు ఎక్కించాడు. సాయంత్రానికి చామే. మర్నాడు మళ్లీ జీపు, మనాంగ్. నాలుగో రోజు విశ్రాంతి ఊసే లేకుండా ఇంకా పైనున్న యాక్ ఖర్కాకి బయల్దేరదీశాడు. ఎందుకని గట్టిగా అడిగితే, తర్వాతి బ్యాచ్ కోసం తాను త్వరగా పోఖరా చేరాలని, ఆఫీసు నుంచి అలాగే చెప్పారని ఒప్పుకున్నాడు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. పదహారు రోజుల దారిని పదకొండు రోజులకి కుదించింది మీరు.

రోడ్డు పడ్డాక అక్కడ ఎవరూ నడవట్లేదని మీ ఫోన్ సమాధానం. జీపు కిటికీలోంచి నేను చూసిన వాళ్లెవరు మరి? మర్స్యాంగ్డీ నదికి ఆవలి గట్టున ఎరుపు, తెలుపు గుర్తులు వేసిన కాలిబాట ఉంది. వేలాడే వంతెనల మీద సంచులు తగిలించుకుని జనం దాటుతూనే ఉన్నారు.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఈ దారి మీద మనసు పడింది మంచు కొండల ఫొటోల కోసం కాదు. బేసీసహర్ సుమారు 760 మీటర్లు, థోరాంగ్ లా కనుమ 5,416 మీటర్లు. ఆ మధ్యలో వరి మడులు, చోడి చేలు పోయి ఇరుకు లోయ వస్తుంది, అది దాటాక పైన్ అడవి, ఆపైన జునిపర్, ముళ్లపొదలు. మనాంగ్ వచ్చేసరికి వానమబ్బుల్ని అడ్డుకునే కొండల వెనక, వాననీడలో నేల పొడిబారిపోతుంది. కనుమ అవతల ముస్తాంగ్ ఎడారి, మార్ఫా ఆపిల్ తోటలు, తాతోపానీ వేడినీటి ఊటలు. పచ్చదనం ఎక్కడ ఆగిపోతుందో, ఏ చెట్టు ఏ ఎత్తులో పెరగడం మానేస్తుందో కాళ్లతో కొలుచుకుంటూ రాసుకోవాలని కొత్త నోట్‌బుక్ కొన్నాను. అందులో బేసీసహర్ తర్వాతి పేజీలో ఉన్నవి మూడు లైన్లు. అవీ జీపు కుదుపులకి నాకే అర్థం కాకుండా గీతలైపోయాయి. ఆ తర్వాత పేజీ మీద 'చామే' అని ఉంది, అంతే.

ఇక మావారి సంగతి. యాక్ ఖర్కాలో ఆ రాత్రి ఆయనకి తలపోటు, రెండుసార్లు వాంతి. వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్ మీ సామాను జాబితాలో ఉంది, గైడ్ సంచిలో లేదు. లాడ్జి యజమానురాలు తనది తెచ్చి పెడితే రక్తంలో ఆక్సిజన్ 71 శాతమే చూపించింది. ఆమే దుప్పట్లు కప్పి, వెల్లుల్లి సూప్ కాచి తెల్లారేదాకా కూర్చుంది. మర్నాడు నెమ్మదిగా మనాంగ్‌కి దింపుకొచ్చాం. అక్కడి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రంలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని రోజుల్లో పైకొచ్చారు?" చెప్పాక ఇంక పైకి వెళ్లొద్దన్నారు. అలా మా ట్రెక్ ఐదో రోజుతో ముగిసింది. కిందికి జీపు మా డబ్బుతోనే, 18,000 నేపాలీ రూపాయలు.

ఎత్తువల్ల వచ్చే జబ్బు "ప్రకృతి సహజం" కాబట్టి వాపసు కుదరదని మీ ఈమెయిల్. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని కొండలెక్కే వాళ్లందరికీ తెలుసు. మమ్మల్ని బేసీసహర్ 760 నుంచి మనాంగ్ 3,540కి రెండు రోజుల్లో చేర్చారు. ఇందులో ప్రకృతి చేసిందేమీ లేదు.

"హిమాలయాల్లో రిస్క్ ఉంటుందని ముందే తెలుసుకోవాల్సింది" అని కూడా రాశారు. మాది విశాఖ అండీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా వీధిలో ఒక్క చెట్టునీ నిలవనివ్వలేదు. ఆ తుఫాను మిగులే రెండు రోజుల తర్వాత థోరాంగ్ లా చుట్టుపక్కల మంచై కురిసి, అన్నపూర్ణ ప్రాంతంలో నలభై మందికి పైగా పోయారు. రిస్క్ తెలుసు కాబట్టే విశ్రాంతి రోజున్న ప్రోగ్రాం వెతుక్కుని మరీ కొన్నాం.

ఇంకొకటి. అన్నపూర్ణ పర్మిట్ మన దేశంతో సహా సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్లకి 1,000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకి 3,000. మా దగ్గర మూడు వేల చొప్పున వసూలు చేశారు. మా పర్మిట్ల మీద ఉన్నది వెయ్యే.

కాబట్టి నాకు రావాల్సింది: అందని 11 రోజులకి 1,07,250, జీపుకి మన రూపాయల్లో 11,250, పర్మిట్ల తేడా 2,500. మొత్తం 1,21,000 రూపాయలు. దాంతోపాటు ప్రోగ్రాం ఎవరు, ఎందుకు మార్చారో రాతపూర్వకంగా చెప్పాలి. జీపులో తీసుకెళ్లాలనుకుంటే తీసుకెళ్లండి, చాలామంది అలాగే వెళ్తున్నారు. కానీ దాన్ని "పూర్తి సర్క్యూట్ నడక" అని అమ్మడం ఆపండి.

కనుమ అవతలి ముక్తినాథ్ గుడిలో 108 ధారల నీళ్లు పట్టుకు రమ్మని మా అత్తయ్యగారు చిన్న రాగి చెంబు ఇచ్చి పంపారు. ఖాళీగానే తిరిగొచ్చింది. దీనికి లెక్క కట్టలేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాను. మీ ప్రోగ్రాం కాగితం, రసీదులు, పర్మిట్లు, మనాంగ్ డాక్టరు చీటీ నకళ్లు జత చేశాను. అసలువి నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
బుకింగ్ చేసిన మీ కస్టమర్