ట్విస్టెడ్ మెటల్ 2 కంప్యూటర్‌కి కూడా వచ్చింది

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పాత వీడియో గేముల మీద వేసిన వ్యాసం ఆసక్తిగా చదివాను. ట్విస్టెడ్ మెటల్ పేరు తెలుగు పత్రికలో కనబడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. అయితే ఆ వరుసలో రెండో గేమ్ సోనీ కంపెనీ గేమ్ యంత్రం ప్లేస్టేషన్‌కి మాత్రమే వచ్చిందని రాశారు, అది సరికాదు. ప్లేస్టేషన్‌లో 1996లో వచ్చిన ఆ గేమ్ మరుసటి ఏడాది విండోస్‌కి కూడా వచ్చింది. దాని అసలు సీడీ ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది.

నేను కంప్యూటర్లు రిపేరు చేస్తాను. పాత సిస్టమ్ విప్పితే డ్రైవులో ఏదో ఒక సీడీ దొరకడం మాకు మామూలే. ఎక్కువగా వాటిలో ప్రింటర్ డ్రైవర్లు గానీ, ఎప్పుడో కాపీ చేసుకున్న ఫొటోలు గానీ ఉంటాయి. ఇది కూడా అలాగే దొరికింది. తిరిగి ఇవ్వబోతే సిస్టమ్ తెచ్చినాయన "ఎవరికి కావాలండీ, పారేయండి" అన్నాడు. నాకు కావాలన్నాను.

గేమ్ తెలియనివారి కోసం రెండు మాటలు. కాలిప్సో అనేవాడు ఒక పోటీ పెడతాడు. తుపాకులు, క్షిపణులు బిగించిన బండ్లతో అందరూ ఒకరినొకరు పేల్చుకోవాలి, చివరికి మిగిలినవాడు ఏం కోరితే అది ఇస్తాడు. ఇస్తాడు కానీ, ఆ కోరికే గెలిచినవాడి మెడకు చుట్టుకుంటుంది. తలకు మంటలంటుకున్న జోకర్ ఐస్‌క్రీమ్ బండిలో వస్తాడు. ఆక్సెల్ అనేవాడికైతే బండే లేదు, రెండు పెద్ద చక్రాల మధ్య చేతులు చాచి నిలబడి ఉంటాడు. పారిస్‌లో ఈఫిల్ టవర్‌ని పేల్చేస్తే అది ఒరిగి పక్క మేడల మీదికి దారి అవుతుంది. అప్పటిదాకా కింద వీధుల్లో సాగిన ఆట ఒక్కసారిగా పైకప్పుల మీదికి ఎక్కుతుంది. ఇప్పటి గేముల్లో ఊళ్లకు ఊళ్లు కూలుస్తున్నారు కానీ, ఆ ఒక్క టవర్ కూలినప్పుడు కలిగినంత సంబరం నాకు మళ్లీ కలగలేదు. కంట్రోలర్ మీద ఎడమ, కుడి, పైకి అని వరుసగా నొక్కితే ఎదుటి బండి గడ్డకట్టుకుపోతుంది. వెనకాల వాడు తరుముతుంటే ఆ మూడూ తప్పు లేకుండా నొక్కడమే పెద్ద టెన్షన్.

దీన్ని తయారుచేసింది అమెరికాలో సాల్ట్ లేక్ సిటీకి చెందిన సింగిల్‌ట్రాక్, ప్రచురించింది సోనీ. సోనీ తన గేములు కంప్యూటర్‌కి ఇవ్వడం ఈమధ్య మొదలైన వింత అన్నట్టు మాట్లాడుతుంటారు. 2020లో హొరైజన్ జీరో డాన్, 2022లో గాడ్ ఆఫ్ వార్ వచ్చినప్పుడు ఎంత హడావిడి జరిగిందో చూశాం. ఆ పని ఆ కంపెనీ 1997లోనే చేసిందనడానికి నా దగ్గరున్న సీడీయే సాక్ష్యం.

2023లో మొదటి రెండు ట్విస్టెడ్ మెటల్ గేములనూ సోనీకి చందా కట్టి గేములు ఆడుకునే ప్లేస్టేషన్ ప్లస్ ప్రీమియంలో పెట్టారు. సంతోషమే, కానీ అవి ప్లేస్టేషన్ వెర్షన్లు. అలా పెట్టడం ఎందుకు తేలికంటే, ప్లేస్టేషన్ అంటే అన్ని ఇళ్లలోనూ ఒకటే యంత్రం. దాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ఒకటి సరిగ్గా రాస్తే వందల గేములు ఆడతాయి. కంప్యూటర్ అలా కాదు. ఒకరి గ్రాఫిక్స్ కార్డు ఒకటి, ఇంకొకరిది ఇంకొకటి. ఆ కార్డుల్ని నడిపే డ్రైవర్లు వేరు, విండోస్‌లో గేములకు ఆధారమైన డైరెక్ట్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వేరు. దానికి తోడు, గేమ్ 32 బిట్‌దే అయినా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ అంతకంటే పాత తరం 16 బిట్‌ది కావడం ఆ కాలపు సీడీల్లో తరచూ చూస్తాం. ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోదు. మనం సీడీ పాడైందనుకుంటాం, సీడీ మాత్రం నిక్షేపంలా ఉంటుంది. ఇలాంటి వాటి కోసమే షాపులో బల్ల కింద ఒక విండోస్ 98 సిస్టమ్ ఉంచుకున్నాను. అందరూ అలా ఉంచుకోలేరు కదా.

అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని పాత గేములను భద్రపరిచే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో లెక్క తేల్చింది. అలాంటి గేములను పరిశోధకులు ఇంటి నుంచే చూసుకునేలా లైబ్రరీలకు వీలు కల్పించమని అడిగితే, 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ ఆఫీసు కుదరదంది. అమ్మేవాడు అమ్మడు, దాచేవాడిని చూపించనివ్వరు. సోనీ ఇప్పుడు ఎలాగూ స్టీమ్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ గేముల దుకాణంలో గేములు అమ్ముతోంది. ఈ విండోస్ వెర్షన్‌ని కూడా అక్కడ పెడితే నేను డబ్బులిచ్చి కొంటాను, ఇంకా కొనేవాళ్లు ఉంటారు.

అంతవరకూ మీ పాఠకులకు ఒక మనవి. పాత సీడీ పౌచ్‌లు ఇంట్లో ఎక్కడో ఉంటాయి, పారేసేముందు ఒకసారి తిరగేయండి. గేమ్ సీడీ కనబడితే ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి. సూదితో గుచ్చినట్టు వెలుతురు చుక్కలు కనిపిస్తే లోపలి అల్యూమినియం పొర పోతోందని అర్థం, కాపీ వెంటనే తీయాలి. తీసేటప్పుడు డేటా మాత్రమే పట్టే ఐఎస్ఓ ఫైలుగా కాకుండా, అన్ని ట్రాకులనూ పట్టే బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా తీయండి. ఆ రోజుల్లో చాలా గేములకు సంగీతం విడి ఆడియో ట్రాకులుగా ఉండేది. ఐఎస్ఓలోకి అవి రావు, గేమ్ మూగదవుతుంది. గీతలు పడకూడదని అందరూ మెరిసే వైపునే కాపాడతారు గానీ, డేటా ఉన్న పొర బొమ్మ వేసిన వైపుకే దగ్గర, దాని మీద ఉండేది పల్చటి లక్కర్ (వార్నిష్ లాంటి) పూతే. అటువైపు బాల్‌పెన్నుతో పేరు రాయకండి, స్టిక్కర్ అంటించి ఉంటే పీకకండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక కంప్యూటర్ మెకానిక్