రిజిస్టర్‌లో లేని గడి: లంక మహిళా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. గర్భిణుల కోసం ఏది ముందు చెయ్యాలో ఎవరు తేలుస్తున్నారు?

ఊరి ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి ఏడాదికి 10 వేల రూపాయల దాకా వస్తుంది. ఆ సమావేశానికి మనం మొదటిసారి వెళ్లాం. సర్పంచ్ ఆడమనిషే, మాట్లాడింది మాత్రం ఆవిడ భర్త. కుర్చీలన్నీ మగవాళ్లవే. ఆశా చెల్లెలు (మన ఊరి ఆరోగ్య కార్యకర్త) రిజిస్టర్ గుండెకు హత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. బ్లీచింగ్ పౌడరుకి ఇంత, బోర్డుకి రంగు వెయ్యడానికి ఇంత అనుకున్నారు, లేచారు. కడుపుతో ఉన్నవాళ్ల ఊసే రాలేదు.

బయటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆ రిజిస్టర్ తిరగేశాం. కాన్పు ఎక్కడైందో రాయడానికి గడి ఉంది. గోదారి మధ్యలోని మన లంక దాటడానికి రేవులో పడవ కోసం ఎంతసేపు కూర్చుందో రాయడానికి లేదు. 108కి ఫోన్ చేస్తే వస్తుంది, కానీ అవతలి గట్టుకే వస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు లంకల్లో నెలలు నిండినవాళ్ల ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో మనకి ఒకరు చెప్పాలా?

2005లో జననీ సురక్షా యోజన వచ్చింది ఆస్పత్రి కాన్పులు పెంచడానికి. మంచిదే, ప్రాణాలు నిలిచాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. మీటింగుల్లో గట్టిగా చదివేది ఈ అంకెనే. అదే సర్వేలో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత అనీ, కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లనీ కూడా ఉంది. అవి ఎవరూ చదవరు. పైవాళ్లు ఏది అడిగితే కిందివాళ్లు అదే లెక్క రాస్తారు, డబ్బూ అటే పోతుంది. నాకు అర్థమైనంతలో అసలు చిక్కు ఇదే.

పెత్తనం ఇంట్లోనూ ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఒక అత్తగారు వాటిని చూరులో దాచేశారు. కోడలికి నచ్చజెప్పి ఏం లాభం? అత్తగార్లనే కూర్చోబెట్టి ఏఎన్‌ఎం (ఊళ్లో చూసే నర్సు) గారితో మాట్లాడించాం. ఆ అత్తగారే ఇప్పుడు రోజూ రాత్రి అన్నాలయ్యాక మాత్ర చేతిలో పెడుతున్నారు.

తర్వాత మనమే ఒక నోట్‌బుక్ పెట్టాం. ఏ రాత్రి, ఏ రేవు, ఎంతసేపు, పడవకి ఎంతిచ్చారు, రక్తం ఎవరు తెచ్చారు, అన్నీ అందులో రాస్తున్నాం. రెండో సమావేశంలో అది చదివి వినిపిస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సర్పంచ్ గారు మొదటిసారి తనే నోరు తెరిచి, రేవులో లైటు వేయిద్దామన్నారు. లైటు వచ్చింది. రాత్రిపూట పడవ సంగతి ఇంకా తేలలేదు.

జమాఖర్చుల పుస్తకం సంఘం గదిలో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

గోదారికి ఎర్రనీరు (వరద నీరు) రాకముందే వచ్చే సమావేశం పెట్టమని అడిగాం. నోట్‌బుక్ ఆశా చెల్లెలి దగ్గర ఉంది. ఈ ఏడాది కాన్పుకి రేవు దాటిన ప్రతి ఇంటివాళ్లూ ఈలోగా వచ్చి రాయించండి.